విశ్వవిద్యాలయ మ్యూజియాన్ని, చిత్రశాలను చూడటం ఎలా?

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆష్మోలియన్ మ్యూజియం 1683లో తలుపులు తెరిచినప్పుడు, ఆ భవనం పై అంతస్తులో వింత వస్తువుల సేకరణ, మధ్య అంతస్తులో ఉపన్యాసాల గది, కింద రసాయన ప్రయోగశాల ఉండేవి. చూపించడం, బోధించడం, పరిశోధించడం ఒకే కప్పు కింద జరగాలన్న ఆ ఏర్పాటులోనే విశ్వవిద్యాలయ మ్యూజియం స్వభావమంతా ఉంది. మిగతా మ్యూజియాలలో మనం గోడల మీద ఉన్నవి చూసి తిరిగి వస్తాం. ఇక్కడ మాత్రం గోడల మీద లేనివాటిని కూడా చూపించమని అడిగే అవకాశం చాలా చోట్ల సామాన్య సందర్శకునికి సైతం ఉంది. ఎక్కువమంది ఆ సంగతి తెలియక గంటసేపు తిరిగి, నాలుగు ఫోటోలు తీసుకొని బయటపడతారు. కింద చెప్పిన క్రమంలో సిద్ధమైతే మీకు ఆ లోటు ఉండదు.

తేదీ నిర్ణయించుకొనే ముందు

ముందుగా మ్యూజియం సొంత వెబ్‌సైటులో పని వేళలు చూడండి. మ్యాప్ యాప్‌లలో కనిపించే వేళలను నమ్ముకోకూడదు, ఎందుకంటే అకస్మాత్తుగా మూసివేసిన గ్యాలరీ సంగతి వాటికి ఆలస్యంగా చేరుతుంది, ఒక్కోసారి అసలే చేరదు. చాలా మ్యూజియాలకు సోమవారం సెలవు. ఆ తరువాత, మామూలు మ్యూజియం విషయంలో ఎవరూ చేయని పని ఒకటి ఇక్కడ చేయాలి: విశ్వవిద్యాలయ విద్యా సంవత్సరపు క్యాలెండరును తెరిచి చూడాలి. తరగతులు జరిగే రోజుల్లో విద్యార్థి గైడ్ల పర్యటనలు, మధ్యాహ్నపు ప్రసంగాలు ఉంటాయి కాని, కొన్ని గదులను తరగతులకు కేటాయించి మిగతావారిని కాసేపు బయటే ఆపవచ్చు. సెలవుల్లో గ్యాలరీలు ప్రశాంతంగా ఉంటాయి కాని, నిల్వలోని వస్తువులను తీసి చూపించే స్టడీ రూములు మూతపడి ఉండవచ్చు. స్నాతకోత్సవం జరిగే వారంలో క్యాంపస్‌లో బండి నిలపడానికి చోటు దొరకదు కనుక, ఆ వారాన్ని పూర్తిగా వదిలేయడమే మంచిది. నా మటుకు నేను సెమిస్టరు మధ్యలో వచ్చే ఏదో ఒక మంగళవారమో బుధవారమో, తలుపులు తెరిచిన మొదటి గంటలో వెళ్లడానికే ఇష్టపడతాను.

ప్రవేశ రుసుము చాలా చోట్ల లేదు. ఆష్మోలియన్, కేంబ్రిడ్జ్‌లోని ఫిట్జ్‌విలియం, యేల్ విశ్వవిద్యాలయ చిత్రశాల ఉచితంగానే చూపిస్తాయి. హార్వర్డ్ కళా మ్యూజియాలు 2023 జూన్ నుంచి అందరికీ రుసుము తీసివేశాయి. అయితే ప్రత్యేక ప్రదర్శనలకు విడిగా టికెట్ ఉండవచ్చు, ఉచిత ప్రవేశం ఉన్నచోట కూడా ముందుగా వేళ నమోదు చేసుకోమని అడగవచ్చు.

మరొక చిక్కు చిరునామాది. ఒకే విశ్వవిద్యాలయానికి నాలుగైదు మ్యూజియాలు ఉండటం సాధారణం. ఆక్స్‌ఫర్డ్‌లో ప్రపంచ జాతుల వస్తువులున్న పిట్ రివర్స్ మ్యూజియానికి వీధి వైపు నుంచి సందర్శకుల ద్వారం లేదు. ప్రకృతి చరిత్ర మ్యూజియంలోకి వెళ్లి, దాని చివరిదాకా నడిస్తే అక్కడి తలుపు ఇందులోకి తెరుచుకుంటుంది. యేల్‌లో లూయీ కాన్ రూపకల్పన చేసిన రెండు భవనాలు ఒకే వీధికి అటూ ఇటూ ఉన్నాయి. వాటిలో 1953 నాటిది విశ్వవిద్యాలయ చిత్రశాలలో భాగం, 1977లో తెరిచినది బ్రిటిష్ కళా కేంద్రం. రెండూ వేర్వేరు సంస్థలు. సిడ్నీ విశ్వవిద్యాలయంలో ఇందుకు భిన్నంగా, విడివిడిగా ఉండిన మూడు సేకరణలను కలిపి 2020లో చౌ చాక్ వింగ్ మ్యూజియం అన్న ఒకే భవనంలోకి చేర్చారు. కాబట్టి మ్యూజియం పేరుతో పాటు భవనం పేరును, ద్వారం ఏ వైపు ఉందన్న వివరాన్ని కూడా రాసుకొని బయలుదేరండి.

ఇంటి దగ్గరే సగం పని

వెళ్లడానికి ఒక వారం ముందు మ్యూజియం ఆన్‌లైన్ కేటలాగులో ఒక సాయంత్రం గడపండి. మీకు ఆసక్తి ఉన్న కాలాన్నో, చిత్రకారుణ్నో, వస్తువునో వెతికి, ఐదు నుంచి ఏడు వరకు ఎంచుకోండి. అంతకు మించితే సందర్శన పరుగు పందెంగా మారుతుంది. వస్తువు వివరాలలో అది ప్రస్తుతం ప్రదర్శనలో ఉందా, నిల్వలో ఉందా అన్న సూచన సాధారణంగా ఉంటుంది. ప్రదర్శనలో ఉన్నట్లయితే చాలా చోట్ల గది సంఖ్య కూడా ఇస్తారు. ఈ రెండు రకాలనూ వేరు వేరు జాబితాలుగా రాసుకోండి, ఎందుకంటే మొదటి జాబితా కోసం గ్యాలరీకి వెళతారు, రెండో జాబితా కోసం ఉత్తరం రాస్తారు.

ప్రతి పేరు పక్కన దాని యాక్సెషన్ నంబరును, అంటే వస్తువు మ్యూజియంలో చేరినప్పుడు దానికి ఇచ్చే నంబరును, తప్పకుండా రాయాలి. గ్రంథాలయంలో పుస్తకానికి ఎలాగో, మ్యూజియంలో వస్తువుకు అలాగే అదే అసలు గుర్తు. పేర్లు మారతాయి, తేదీలను పండితులు సవరిస్తారు, నంబరు మాత్రం సాధారణంగా మారదు. చదవడం తెలిస్తే అందులో కొంత చరిత్ర కూడా ఉంటుంది. యేల్‌లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను చిత్రించిన జాన్ ట్రంబుల్ చిత్రం నంబరు 1832.3, అంటే 1832లో చేరిన వాటిలో మూడవది అన్నమాట. ఆ సంవత్సరం ట్రంబుల్ తన చిత్రాలను నూరుకు పైగా ఆ విద్యాసంస్థకు అప్పగించి, బదులుగా జీవితకాలం వార్షిక భత్యం పొందాడు. ఆ చిత్రశాల ఆరంభం అదే. తన చిత్రాల కిందనే తనను సమాధి చేయాలని కూడా ఆయన కోరుకున్నాడు, అలాగే జరిగింది. ఆష్మోలియన్‌లో డబ్ల్యూఏ 1846 అని మొదలయ్యే నంబరు కనిపిస్తే, అది పాశ్చాత్య కళా విభాగంలో 1846లో చేరిన వస్తువు. రఫేల్, మైకెలాంజెలోల రేఖాచిత్రాలు పెద్ద సంఖ్యలో అక్కడికి వచ్చిన సంవత్సరం అది.

మీరు కోరుకున్న రేఖాచిత్రం ప్రదర్శనలో లేదని కనిపిస్తే నిరుత్సాహపడవద్దు. కాగితం మీద వేసినవి, వస్త్రాలు, పాత ఫోటోలు వెలుతురుకు తట్టుకోలేవు కనుక వాటిని సుమారు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) మించని మసక వెలుగులో, కొన్ని నెలలు మాత్రమే ఉంచి, ఆ పైన ఏళ్ల తరబడి చీకట్లో విశ్రాంతినిస్తారు. ఈ జాగ్రత్త లేకపోతే ఏమవుతుందో హార్వర్డ్ అనుభవం చెబుతుంది. అమెరికన్ చిత్రకారుడు మార్క్ రోత్కో ఆ విశ్వవిద్యాలయం కోసం వేసిన పెద్ద చిత్రాలను 1964లో ఎండ ధారాళంగా పడే ఒక భోజనశాలలో అమర్చారు. ఆయన వాడిన రంగుల్లో లిథాల్ రెడ్ అనే ఎరుపు వెలుతురుకు వెలిసిపోయేది కావడంతో, ఏళ్లు గడిచేసరికి ముదురెరుపు నేపథ్యాలు పాలిపోయాయి. చివరకు 1979 నాటికి వాటిని తీసి నిల్వ గదికి తరలించవలసి వచ్చింది. 2014లో వాటిని మళ్లీ ప్రదర్శించినప్పుడు చిత్రాల మీద కుంచె పెట్టకుండా, పోయిన రంగును ప్రొజెక్టరు వెలుగుతో పూరించి చూపారు; సాయంత్రం నాలుగు గంటలకు ప్రొజెక్టర్లు ఆపేసేవారు, అప్పుడు అసలు స్థితి బయటపడేది. మసక వెలుగు గదిలో మీకు విసుగు పుట్టినప్పుడు ఈ ఉదంతం గుర్తుకు తెచ్చుకోండి.

స్టడీ రూముకు ఉత్తరం రాయడం

ఈ మార్గదర్శికలో మీరు ఒకే ఒక్క సలహా పాటించదలచుకుంటే ఇదే పాటించండి. స్టడీ రూము, ప్రింట్ రూము, స్టడీ సెంటరు అన్న పేర్లతో పిలిచే ఈ గదిలో, నిల్వలో ఉన్న వస్తువును తీసుకువచ్చి మీ ముందు బల్ల మీద ఉంచుతారు. మధ్యలో అద్దం ఉండదు, వెనక నుంచి తోసే జనం ఉండరు. పరిశోధకులకే ఇస్తారేమోనన్న బెరుకు చాలామందికి ఉంటుంది. కొన్ని చోట్ల అలాంటి నియమం నిజంగానే ఉన్నప్పటికీ, ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకున్న ఎవరికైనా చూపించే విశ్వవిద్యాలయ మ్యూజియాలు తక్కువేమీ కావు.

కనీసం మూడు నాలుగు వారాల ముందు రాయండి. ఉత్తరం పొడుగ్గా ఉండనక్కరలేదు, కాని ఐదు విషయాలు అందులో ఉండాలి: మీరు ఎవరు, ఎందుకు చూడాలనుకుంటున్నారు, ఏ నంబర్లు చూడాలనుకుంటున్నారు, ఏ రోజులు వీలవుతుంది, ఎంతమంది వస్తారు. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: "నేను వృత్తిరీత్యా లెక్కల ఉపాధ్యాయుణ్ని. తీరిక వేళల్లో పెన్సిలుతో బొమ్మలు వేయడం నేర్చుకుంటున్నాను. చేతులను గీసే పద్ధతిని పరిశీలించడానికి ఈ కింది ఆరు రేఖాచిత్రాలను చూడాలని కోరిక. ఈ మూడు తేదీల్లో ఏది మీకు వీలైనా నేను ఒక్కణ్నే రాగలను. వీటిలో ఏవైనా బయటకు తీయడానికి వీలుకాని స్థితిలో ఉంటే, వాటికి బదులు మీరు సూచించినవి చూస్తాను." ఈ చివరి వాక్యం చాలా పని చేస్తుంది. మీరు అడిగినదానికన్నా మెరుగైనది చూపించే అవకాశాన్ని అది సేకరణ బాధ్యత చూసే క్యూరేటరుకు ఇస్తుంది. లేని పరిశోధనను కల్పించి చెప్పవద్దు. రెండో ప్రశ్నకే మాట తడబడుతుంది. ఒక పూటకు ఆరు నుంచి పది వస్తువులకు మించి అడగకపోవడం మర్యాద, మీ కళ్లకు కూడా అంతే మేలు.

ఆ రోజు గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి. బ్యాగును, కోటును బయటే పెట్టిస్తారు. పెన్ను లోపలికి తీసుకుపోకూడదు, పెన్సిలు మాత్రమే వాడాలి. చేతులు కడిగి, తడి లేకుండా తుడుచుకోవాలి. లేపనాలు రాసుకొని వెళ్లకూడదు. తెల్లని చేతి తొడుగులు ఇస్తారని సినిమాల వల్ల అందరూ అనుకుంటారు గాని, కాగితం విషయంలో శుభ్రమైన ఒట్టి చేతులనే చాలామంది సంరక్షకులు కోరుకుంటారు, ఎందుకంటే గుడ్డ తొడుగుతో వేళ్లకు స్పర్శ తెలియక కాగితం చిరిగే ప్రమాదం ఎక్కువ. లోహ వస్తువులకు, ఫోటోలకు మాత్రం చేతి చెమట తగలకుండా నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరు తొడుగులు వాడతారు. ఏ సందర్భంలోనైనా, ముట్టుకోవచ్చని చెప్పేదాకా ముట్టుకోకండి. రేఖాచిత్రం సాధారణంగా మందపాటి అట్ట చట్రంలో ఉంటుంది. ఆ చట్రాన్ని రెండు చేతులతో, అంచుల దగ్గర పట్టుకోవాలి. దాని మీదికి వంగి మాట్లాడకూడదు, పెన్సిలు మొనతో చూపించకూడదు.

కూర్చున్నాక ఏం చూడాలి? ముందు బొమ్మను తనివితీరా చూడండి. తరువాత దీపాన్ని పక్క నుంచి ఏటవాలుగా పడేలా అమర్చమని అడగండి. కంటికి కనిపించని గీతలు, సూది మొనతో నొక్కిన గుర్తులు, కాగితం ముడతలు అప్పుడు పైకి తేలతాయి. భూతద్దం ఉంటే ఇవ్వమనండి. వెనక వైపు చూపించగలరా అని అడగండి. పాత యజమానుల ముద్రలు, రాతలు, ఒక్కోసారి మరొక బొమ్మ కూడా వెనక ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్‌కు 1846లో వచ్చిన రేఖాచిత్రాలు అంతకుముందు సర్ థామస్ లారెన్స్ అనే చిత్రకారుని సేకరణలోవి. సిరా లేకుండా కాగితంలోకి అదిమిన టి, ఎల్ అన్న రెండక్షరాల చిన్న గుర్తు ఆయనది. పక్క వెలుగులో అది దొరికినప్పుడు కలిగే సంతోషం చిన్నదేమీ కాదు.

గేటు నుంచి గ్యాలరీ దాకా

క్యాంపస్ గేటు దగ్గర ఆపి అడిగితే మ్యూజియం పేరు, అపాయింట్‌మెంట్ ఉంటే ఆ సందేశం చూపించండి. పెద్ద సంచులు, గొడుగు, నీళ్ల సీసా లాకరులో పెట్టేయండి. చిన్న వీపు సంచిని లోపలికి అనుమతించినా దాన్ని ముందు వైపు తగిలించుకోవాలి. వెనక్కి తిరిగినప్పుడు మన వీపు వెనక ఎంత చోటు ఆక్రమిస్తున్నామో మనకు తెలియదు. బూట్ల తాళ్లు గట్టిగా కట్టుకున్నారో లేదో కూడా చూసుకోండి. ఇది చాదస్తంగా తోచవచ్చు గాని, ఫిట్జ్‌విలియం మ్యూజియంలో 2006 జనవరిలో ఒక సందర్శకుడు మెట్ల మీద జారిపడి, కిటికీ అరుగు మీద ఉంచిన మూడు పెద్ద చైనా కూజాలను పగలగొట్టాడు. అవి చింగ్ రాజవంశపు కాలానివి, మూడు వందల ఏళ్ల నాటివి. ఊడిన తన బూటు తాడే కారణమని ఆయన చెప్పాడు. సంరక్షకులు ముక్కలన్నిటినీ ఏరి, ఓపికగా అతికించి నిలబెట్టారు.

చూడటం

లోపలికి వెళ్లగానే మొదటి పావుగంట ఎక్కడా ఆగకుండా ఒక చుట్టు తిరిగి రండి. మీ జాబితాలోని వస్తువులు ఎక్కడున్నాయో, కూర్చోవడానికి బల్లలు ఎక్కడున్నాయో, ఏ గదిలో జనం తక్కువగా ఉన్నారో తెలుస్తుంది. జాబితాలో లేని ఏదో ఒకటి ఈ చుట్టులోనే మిమ్మల్ని లాగుతుంది; దాన్ని కూడా చేర్చుకొని, బదులుగా ఒకటి తీసేయండి.

ఆ తరువాత ఒక్కొక్కదాని దగ్గరకు వెళ్లి, లేబుల్ చదవకముందే కనీసం ఐదు నిమిషాలు వస్తువును చూడండి. హార్వర్డ్‌లో కళాచరిత్ర బోధించే జెనిఫర్ రాబర్ట్స్ తన విద్యార్థులను ఒకే చిత్రం ముందు మూడు గంటలు కూర్చోబెడతారు. జాన్ సింగిల్టన్ కాప్లీ 1765లో వేసిన, పెంపుడు ఉడుతతో ఉన్న బాలుని చిత్రాన్ని తానే అలా చూసినప్పుడు, బాలుని చెవి ఆకారమూ ఉడుత పొట్ట మీది బొచ్చు అంచు ఆకారమూ ఒకటేనని గమనించడానికి తనకు తొమ్మిది నిమిషాలు పట్టిందని ఆమె రాశారు. చూపు ఆరితేరినవారికే తొమ్మిది నిమిషాలు పట్టిందంటే, మనం అర నిమిషంలో దాటిపోయేవి ఎన్ని ఉంటాయో ఊహించుకోవచ్చు. మూడు గంటలు మీకు వీలుకాకపోవచ్చు. జాబితాలోని ఒక్క చిత్రానికైనా ఇరవై నిమిషాలు కేటాయించండి. దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి, చివరకు పక్క నుంచి ఒకసారి చూడాలి. చిత్రంలో వెలుగు ఏ దిక్కు నుంచి పడుతోంది, అంచుల దగ్గర చిత్రకారుడు ఏం చేశాడు, రంగు ఎక్కడ మందంగా, ఎక్కడ పలచగా ఉంది అన్న మూడు ప్రశ్నలు వేసుకుంటే ఇరవై నిమిషాలు చాలవు. బొమ్మ వేయడం రాకపోయినా చిన్న నోటు పుస్తకంలో గీసి చూడండి, చేయి తడబడిన చోట కన్ను ఏమి వదిలేసిందో తెలుస్తుంది.

ఇప్పుడు లేబుల్ చదవండి. పేరు, తేదీ అందరూ చదువుతారు. మీరు మిగతావి కూడా చదవండి. చిత్రకారుని పేరుకు ముందు వెనకల ఉండే చిన్న మాటలకు చాలా బరువుంది. ఫలానా వారికి ఆపాదితం అంటే ఆయనదేనని పండితులు అనుకుంటున్నారు కాని రూఢి లేదు. ఫలానా వారి పనిశాల అంటే ఆయన పర్యవేక్షణలో శిష్యుల చేతుల మీదుగా తయారైనది కావచ్చు. ఫలానా వారి చిత్రాన్ని అనుసరించి అంటే అది మరొకరు చేసిన ప్రతి. చివరి వరుసలో దాత పేరు, ఏ నిధితో కొన్నారన్న వివరం ఉంటాయి. పూర్వ విద్యార్థుల దానాలు విశ్వవిద్యాలయ సేకరణల్లో ఎక్కువ కనుక, కొన్ని గదులు తిరిగేసరికి ఏ తరం వారు ఏవి ఇష్టపడి కొన్నారో కూడా మీకు అర్థమవుతూ వస్తుంది.

అన్ని మ్యూజియాలనూ ఒకే తీరుగా చూడకూడదు. 1884లో స్థాపించిన పిట్ రివర్స్‌లో వస్తువులను దేశం, కాలం ప్రకారం కాక, ఉపయోగం ప్రకారం అమర్చారు; దీపాలన్నీ ఒక పెట్టెలో, తాళాలన్నీ ఒక పెట్టెలో, పడవల నమూనాలన్నీ ఒకచోట కిక్కిరిసి ఉంటాయి. అక్కడ ఒక్క వస్తువు ముందు ఇరవై నిమిషాలు నిలబడటం కన్నా, ఒకే పనికి పది జాతులవారు చేసుకున్న పది సాధనాలను పోల్చి చూడటమే సరైన పద్ధతి. పెట్టెల కింద ఉన్న సొరుగులను సందర్శకులు లాగి చూడవచ్చు, చాలామంది చూడరు. హార్వర్డ్‌లో పై అంతస్తుకు వెళితే, ఫోర్బ్స్ సేకరణకు చెందిన రంగుల పొడుల సీసాలు అద్దాల వెనక వరుసలుగా కనిపిస్తాయి. అక్కడికి లోపలికి పోనివ్వరు గాని, బయట నుంచి ఆ బీరువాలను చూసినా తృప్తిగానే ఉంటుంది. ఇంకొకటి, ఏదైనా కోర్సు కోసం అధ్యాపకులు ఎంపిక చేసిన వస్తువులతో ఒక సెమిస్టరు పాటు ఉంచే బోధనా గ్యాలరీ చాలా విశ్వవిద్యాలయ మ్యూజియాలలో ఒక మూల ఉంటుంది. ప్రచారం ఉండదు, పెద్ద పేర్లూ తక్కువే. అయినా ఒక ప్రశ్న చుట్టూ వస్తువులను ఎలా కూర్చుతారో నేర్చుకోవడానికి అంతకన్నా మంచి గది ఉండదని నా అభిప్రాయం.

ఫోటోలు, ప్రశ్నలు

సొంత ఉపయోగానికి సాధారణంగా ఫోటోలు తీసుకోనిస్తారు, కాని ఫ్లాష్, స్టాండు, సెల్ఫీ కర్ర వాడనివ్వరు. అరువు తెచ్చిన వస్తువుల దగ్గర అసలు తీయవద్దన్న గుర్తు ఉండవచ్చు. ప్రతి వస్తువు ఫోటో వెంటనే దాని లేబుల్ ఫోటో కూడా తీసుకోండి, ఇంటికి వెళ్లాక ఏది ఏదో తెలియక తికమకపడకుండా ఉంటారు. పెన్సిలు స్కెచ్‌కు దాదాపు అన్ని చోట్లా అభ్యంతరం ఉండదు, సిరా, రంగులు మాత్రం నిషిద్ధం.

విద్యార్థి గైడు దొరికితే వదలకండి. తాను వల్లించిన పాఠం అయిపోయాక, ఈ గదిలో మీకు నచ్చనిది ఏది అని అడగండి. అసలు సంభాషణ అక్కడి నుంచి మొదలవుతుంది. ఒకే గదిలో నెలల తరబడి నిలబడే కాపలా ఉద్యోగులకు కూడా ఏ చిత్రం మీద ఏ వేళ ఎలాంటి వెలుగు పడుతుందో ఎవరికన్నా బాగా తెలుసు. పిల్లలతో వెళ్లినట్లయితే ముప్పావు గంటకు మించి ఆశించవద్దు, వారికి మూడు వస్తువులు వెతికే పని అప్పగించి, దొరకగానే బయటికి తీసుకురండి.

తిరిగి వచ్చాక

అదే రోజు రాత్రి నోటు పుస్తకంలోని నంబర్లను కేటలాగులో మళ్లీ తెరిచి, మీరు చూసినదాన్ని అక్కడ రాసినదానితో పోల్చండి. తేడాలు కనిపించవచ్చు. చాలా విశ్వవిద్యాలయ మ్యూజియాలలో నిల్వలోని వస్తువుల వివరాలు అసంపూర్ణంగానే ఉంటాయి, వాటిని సరిదిద్దే సమాచారాన్ని వారు సందర్శకుల నుంచి కూడా తీసుకుంటారు. ఒక చిత్రం అంచున మీకు చదవడం వచ్చిన లిపిలో ఒక వాక్యం ఉండి, కేటలాగులో దాని ప్రస్తావనే లేకపోతే, ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్లు ఎత్తి రాసి, అర్థం ఇచ్చి, అది చిత్రంలో ఏ చోట ఉందో చెప్పి, యాక్సెషన్ నంబరుతో క్యూరేటరుకు పంపండి. మీకు ఖాయంగా తెలిసినది ఏదో, మీ ఊహ ఏదో విడివిడిగా రాయండి. జవాబు రావడానికి నెలలు పట్టవచ్చు, ఈలోగా ప్రతివారం గుర్తు చేస్తూ రాయవద్దు.